డెలివరీ ప్రూఫ్ ఉన్నా చార్జ్‌బ్యాక్ ఓడిపోయాను. ఇంకేం చూపించాలి?

లెన్సుకొట్టు
పాత కెమెరా లెన్సులు బాగుచేసి ఆన్‌లైన్‌లో అమ్ముతుంటాను. మూడేళ్లుగా ఏ గొడవా లేదు. పోయిన నెలలో ఒక చార్జ్‌బ్యాక్ (కార్డుదారుడి ఫిర్యాదు మీద బ్యాంకు డబ్బు వెనక్కి లాక్కోవడం) వచ్చింది, ఓడిపోయాను. నిన్న పొద్దున ఇంకోటి వచ్చింది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఓడిపోయినదాని సంగతి ఇది. ఒకాయన ఖరీదైన లెన్సు కొన్నాడు. కొరియర్ అబ్బాయి ఇచ్చాడు, సంతకం ఉంది, గుమ్మం ముందు పెట్టె ఫోటో కూడా ఉంది. రెండు నెలల తర్వాత కార్డుదారుడు బ్యాంకుకి ఫోన్ చేసి "ఈ లావాదేవీ నేను చేయలేదు" అన్నాడట. నేను ఊరుకున్నానా? 38 పేజీల పీడీఎఫ్ తయారుచేసి పంపా. ఇన్‌వాయిస్, ట్రాకింగ్, సంతకం, ఫోటో, మా రిటర్న్ పాలసీ, ఈమెయిళ్లు, గేట్‌వే (కార్డు చెల్లింపులు తీసుకునే సర్వీసు) లాగ్, అన్నీ. మూడు వారాల తర్వాత ఒక్క లైను జవాబు: ఆధారాలు సరిపోలేదు. లెన్సు పోయింది, డబ్బు పోయింది, పైన డిస్ప్యూట్ (ఆ ఫిర్యాదు) ఫీజు కూడా నా నెత్తినే.

వస్తువు చేరిందని రుజువు చూపించాక కూడా ఓడిపోతే ఇంకేం చూపించాలి? వీళ్లు అసలు చదువుతారా?

రాత్రిడ్యూటీ
చదవరు. 38 పేజీలు మా ఆవిడ రాసినా నేను చదవను.

పాత_లెడ్జరు
చదువుతారు. నేను ఒక బ్యాంకులో డిస్ప్యూట్ డెస్క్ మీద ఆరేళ్లు కూర్చున్నా కాబట్టి చెబుతున్నా. కాకపోతే ఒక్కో కేసుకి దొరికేది కొన్ని నిమిషాలే. ఆ కొన్ని నిమిషాల్లో మేం వెతికేది ఒకటే: కార్డుదారుడు చెప్పిన మాటకి ఇందులో జవాబు ఉందా లేదా.

రీజన్ కోడ్, అంటే ఏ కారణం కింద ఫిర్యాదు వేశారో చెప్పే అంకె, ఏంటో చూశారా? గేట్‌వే డాష్‌బోర్డ్‌లో ఉంటుంది.

లెన్సుకొట్టు
10.4 అని ఉంది. దాని పక్కన "ఫ్రాడ్" అని రాసి ఉంది. నిన్న వచ్చిందీ అదే కోడ్.

పాత_లెడ్జరు
సరే, విషయం అక్కడే ఉంది. 10.4 అంటే వీసాలో "కార్డు ఎదురుగా లేని లావాదేవీ, నేను చేయలేదు" అని. మాస్టర్‌కార్డ్‌లో దాదాపు ఇదే అర్థానికి 4837. ఆయన "లెన్సు రాలేదు" అనలేదు. "కొన్నది నేను కాదు" అన్నాడు. మీరేమో లెన్సు చేరిందని 38 పేజీల్లో నిరూపించారు. దొంగ కూడా తన ఇంటికే తెప్పించుకుంటాడు కదండీ, వాడూ సంతకం పెడతాడు.

అదే "రాలేదు" అని 13.1 కింద వచ్చి ఉంటే మీ సంతకం, ఫోటో, ట్రాకింగ్ చాలావరకు పని చేసేవి. "చెప్పినట్టు లేదు" అంటే 13.3, దానికి మీ ప్రోడక్ట్ పేజీలో ఏం రాశారో, పంపే ముందు తీసిన ఫోటోలు కావాలి. "రద్దు చేసినా నెలనెలా కోస్తున్నారు" అంటే 13.2. "రీఫండ్ ఇస్తామని ఇవ్వలేదు" అంటే 13.6. ఒక్కోదానికి ఒక్కో జవాబు. అన్నింటికీ ఒకటే కట్ట పంపితే ఏదీ జవాబు కాదు.

కార్ట్‌డ్రాప్
ఇదేం న్యాయం? లావాదేవీని బ్యాంకే అప్రూవ్ చేసింది కదా? అప్రూవ్ చేసిన బ్యాంకే రెండు నెలల తర్వాత వెనక్కి లాక్కుంటే ఆ అప్రూవల్‌కి అర్థం ఏంటి?

పాత_లెడ్జరు
అప్రూవల్ అంటే కార్డు బ్లాక్ కాలేదు, ఖాతాలో అంత డబ్బు ఉంది అని మాత్రమే. వాడుతున్నది ఎవరో దానికి తెలియదు. ఈ ఒక్క ముక్క అర్థంకాక ప్రతి వారం ఎవరో ఒకరు ఈ ఫోరంలో గుండెలు బాదుకుంటారు.

ఇటుకబట్టీ
లెన్సుకొట్టు గారూ, ఆ మొదటి ఆర్డర్‌లో ఏవీఎస్ ఏమని వచ్చింది? సీవీవీ మ్యాచ్ అయిందా?

లెన్సుకొట్టు
సీవీవీ మ్యాచ్. ఏవీఎస్ అంటే?

ఇటుకబట్టీ
బిల్లింగ్ అడ్రస్ సరిచూసే పద్ధతి. కార్డు ఇచ్చిన బ్యాంకు దగ్గర ఉన్న అడ్రస్‌తో కస్టమర్ టైప్ చేసిన అడ్రస్ పోల్చి ఒక అక్షరం పంపుతుంది. వై అంటే కలిసింది, ఎన్ అంటే ఇంటి నంబరూ కలవలేదు, పిన్‌కోడూ కలవలేదు. అమెరికా, కెనడా, బ్రిటన్ కార్డులకే ఇది బాగా పనిచేస్తుంది, మిగతాచోట్ల చాలాసార్లు ఖాళీగా వస్తుంది. మీ గేట్‌వే లాగ్‌లో చూడండి.

లెన్సుకొట్టు
చూశా. ఎన్.

ఇంకో సంగతి. ఆ లాగ్ నా పీడీఎఫ్‌లో 17వ పేజీ. అంటే "అడ్రస్ కలవలేదు" అని నేనే బ్యాంకుకి అచ్చేసి పంపానన్నమాట.

రాత్రిడ్యూటీ
తన వేలితో తన కన్నే పొడుచుకోవడం అంటే ఇదే.

పాత_లెడ్జరు
నవ్వకండి, అందరూ చేసేదే. చేతికొచ్చిందల్లా పంపితే అందులో మనకి వ్యతిరేకంగా ఉన్నదీ పోతుంది. అబద్ధం చెప్పమనడం లేదు, దాచమనీ అనడం లేదు. అడిగినదానికి జవాబు ఇవ్వండి, అంతే.

మళ్లీ చూస్తే ఆ ఆర్డర్ పంపకుండా ఆపాల్సినదే అనిపిస్తోంది. ఏవీఎస్ ఎన్, బిల్లింగ్ ఒకచోట, డెలివరీ ఇంకోచోట. ఇంకేమైనా తేడాగా ఉందా అందులో?

లెన్సుకొట్టు
ఉంది, ఇప్పుడు చూస్తుంటే. కొత్త ఈమెయిల్. ఎక్స్‌ప్రెస్ డెలివరీ అడిగాడు. అంతకుముందు నాలుగు నిమిషాల్లో రెండు వేరే కార్డులు డిక్లైన్ అయ్యాయి, మూడోది వెళ్లింది. ఆ రోజు పెద్ద ఆర్డర్ వచ్చిందన్న సంతోషంలో ఇవేవీ చూడలేదు.

చందాలక్క
అయ్యో తమ్ముడూ. రెండు డిక్లైన్లు, మూడోది పాస్, అందులోనూ అర్జెంటుగా కావాలి. అలాంటివి వస్తే నేను ప్యాక్ చేయకముందు ఫోన్ చేస్తా. నంబర్ కలవకపోతే డబ్బు వెనక్కి పంపేస్తా. ఒక అమ్మకం పోతుంది, పోనీ.

కార్ట్‌డ్రాప్
ప్రతి ఆర్డర్‌కీ ఫోన్ చేస్తూ కూర్చుంటే వ్యాపారం అవుతుందా అక్కా?

చందాలక్క
ప్రతిదానికీ అనలేదే. అనుమానం వచ్చినవాటికి మాత్రమే.

అర్థంకాని_బిల్లు
నేను అమ్మేవాణ్ణి కాదు, కొనేవాణ్ణి. ఇది చదువుతూ ఉంటే కాస్త సిగ్గేసింది. ఒకసారి నేనూ చార్జ్‌బ్యాక్ వేశా. స్టేట్‌మెంట్‌లో ఎప్పుడూ వినని కంపెనీ పేరు, అదీ మధ్యలో తెగిపోయి ఉంది, పక్కన ఏవో అంకెలు. గూగుల్ చేశా, ఏమీ దొరకలేదు. బ్యాంకు యాప్‌లో "ఇది నేను చేయలేదు" అన్న బటన్ చేతి కిందే ఉంది. నొక్కేశా. వారం తర్వాత గుర్తొచ్చింది, అది నేను కొన్న ఫాంట్ డబ్బు అని. షాపు పేరు ఒకటి, వాళ్ల కంపెనీ పేరు ఇంకొకటి.

వెనక్కి తీసుకుందామని బ్యాంకుకి ఫోన్ చేస్తే లైన్‌లో 40 నిమిషాలు. వేయడానికి రెండు సెకన్లు పట్టిందని గుర్తుపెట్టుకోండి.

ఇటుకబట్టీ
ఇలాంటి నిజాయితీపరులు ఫోరంలో ఇంకొందరు ఉంటే బాగుండు. మేం "ఫ్రెండ్లీ ఫ్రాడ్" (కొన్నవాళ్లే "నేను కొనలేదు" అనడం) అని పళ్లు కొరుక్కునేవాటిలో చాలావరకు ఇవేనని నా నమ్మకం. మోసం కాదు, మతిమరుపు.

రాత్రిడ్యూటీ
అన్నీ మతిమరుపు కావు బ్రో. నా దగ్గర ఒకాయన సాఫ్ట్‌వేర్ కొని, అప్‌డేట్లన్నీ తీసుకుని, నాకు ఐదు నక్షత్రాల రివ్యూ రాసి, 110వ రోజు "నేను చేయలేదు" అన్నాడు. ఫ్రాడ్ కింద వేయడానికి 120 రోజులు గడువు ఉంటుందని ఆయనకి నాకంటే బాగా తెలుసు. ఇంటి దొంగను ఈశ్వరుడు పట్టలేడని ఊరికే అనలేదు.

పాత_లెడ్జరు
రెండూ ఉన్నాయి. మా డెస్క్‌కి ఫోన్ చేసేవాళ్లలో పెద్ద గుంపు ఇంకొకటి: పిల్లలు నొక్కినవి, భార్య కొన్నది భర్తకి తెలియనివి. "కార్డు మీ దగ్గరే ఉందా?" "ఉంది." "ఇంట్లో ఇంకెవరైనా వాడతారా?" కాసేపు నిశ్శబ్దం. "ఒక్క నిమిషం ఉండండి, మా వాణ్ణి అడుగుతా." ఆ "ఒక్క నిమిషం" దగ్గరే సగం కేసులు చచ్చిపోయేవి. ఇప్పుడు యాప్‌లో బటన్ వచ్చాక ఆ ప్రశ్న అడిగేవాళ్లే లేరు.

అందుకే డిస్క్రిప్టర్ సరిచేసుకోండి అని ముందు చెబుతా. స్టేట్‌మెంట్‌లో కనిపించే పేరు 22, 25 అక్షరాల దగ్గర తెగిపోతుంది. అందులో జనానికి తెలిసిన షాపు పేరే రావాలి. లెన్సుకొట్టు గారూ, మీదేమని పడుతోంది?

లెన్సుకొట్టు
ఎప్పుడూ చూడలేదండీ. చూసి చెబుతా.

కార్ట్‌డ్రాప్
ఇవన్నీ సరే. అసలు మందు అందరికీ తెలిసిందే కదా, 3డీ సెక్యూర్ (3డీఎస్) పెట్టేయడం, అంటే కట్టేటప్పుడు కార్డు ఇచ్చిన బ్యాంకే ఓటీపీ లాంటిది అడిగి సరిచూసుకోవడం. కానీ అది పెడితే కస్టమర్ సగంలో పారిపోతాడు. నేను పెట్టి చూశా, నెల రోజుల్లో తీసేశా. ఓటీపీ రాలేదని, పేజీ తెరుచుకోలేదని ఫిర్యాదులు. చార్జ్‌బ్యాక్‌ల వల్ల పోయేదానికంటే అమ్మకాల వల్ల పోయింది ఎక్కువ.

ఇటుకబట్టీ
ఎప్పుడు పెట్టావ్?

కార్ట్‌డ్రాప్
చాలా ఏళ్లైంది. పాస్‌వర్డ్ అడిగే పాప్-అప్ కాలం.

ఇటుకబట్టీ
అది మొదటి వెర్షన్. దాన్ని చూసి భయపడి ఇప్పటికీ దూరంగా ఉంటే ఎలా? 2016లో ఈఎంవీకో (వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్క్‌లు కలిసి నడిపే సంస్థ) రెండో వెర్షన్ విడుదల చేసింది. అందులో మనవైపు నుంచి డివైస్ వివరాలు, అడ్రస్, పాత ఆర్డర్ల సమాచారం బ్యాంకుకి ముందే వెళ్తాయి. బ్యాంకుకి నమ్మకం కుదిరితే కస్టమర్‌కి ఏమీ కనబడదు, నేరుగా పాస్. అనుమానం వస్తేనే ఓటీపీ. కొన్ని దేశాల్లో ఈ రెండో ధ్రువీకరణ చట్టప్రకారం ఎలాగూ తప్పనిసరి, అక్కడ ఈ వాదనే లేదు.

తప్పనిసరి కానిచోట నేను చేసేది: మామూలు ఆర్డర్లకి వదిలేస్తా. ఒక మొత్తం దాటినా, బిల్లింగ్‌కీ డెలివరీకీ అడ్రస్ తేడా ఉన్నా, డిక్లైన్ల తర్వాత పాసైనా 3డీఎస్ బలవంతంగా పెట్టిస్తా. ఆ లెన్సు ఆర్డర్‌కి ఈ రూల్ ఉండి ఉంటే దొంగ ఓటీపీ దగ్గర ఆగిపోయేవాడు, లేదా ఆ నష్టం బ్యాంకుది అయ్యేది.

కార్ట్‌డ్రాప్
బ్యాంకుది ఎలా అవుతుంది?

పాత_లెడ్జరు
దాన్నే లయబిలిటీ షిఫ్ట్ అంటారు. ధ్రువీకరణ పూర్తయ్యాక "నేను చేయలేదు" అన్న ఫ్రాడ్ డిస్ప్యూట్ వస్తే భారం కార్డు ఇచ్చిన బ్యాంకుది. మీ లాగ్‌లో ఈసీఐ అని ఒక విలువ ఉంటుంది. వీసాలో 05 అంటే పూర్తిగా ధ్రువీకరించారు, 06 అంటే మనం ప్రయత్నించాం కానీ అవతల పూర్తి కాలేదు, 07 అంటే రక్షణ లేదు. మాస్టర్‌కార్డ్‌లో అదే వరుసలో 02, 01, 00.

దీనికో మెలిక ఉంది, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఇది ఫ్రాడ్‌కి మాత్రమే గొడుగు. "రాలేదు", "బాగోలేదు", "రద్దు చేశా" అన్నవాటికి 05 ఉన్నా ఉపయోగం లేదు. ఇంకోటి, కస్టమర్‌ని ఓటీపీ అడక్కుండా పోనిమ్మని మనమే మినహాయింపు అడిగితే భారం మళ్లీ మన మీదికే వస్తుంది.

కార్ట్‌డ్రాప్
సరే, ఒప్పుకుంటున్నా, సగం. పెద్ద ఆర్డర్లకి మళ్లీ పెట్టి చూస్తా. అమ్మకాలు పడితే మాత్రం ఇక్కడికే వచ్చి తిడతా.

చందాలక్క
మా గోల వేరు, నెలవారీ చందా మీద సంగీతం పాఠాలు అమ్ముతా. మొదటి చెల్లింపుకి 3డీఎస్ ఉంటుంది, తర్వాత నెలనెలా కస్టమర్ లేకుండానే కోస్తాం కాబట్టి ఆ రక్షణ వాటికి పాకదు.

మొదటి ఏడాది డిస్ప్యూట్లు కుప్పలు. నేను జనాన్ని తిట్టుకున్నా. ఒకరోజు నేనే కస్టమర్‌లా లాగిన్ అయి చందా రద్దు చేద్దామని కూర్చున్నా. బటన్ కనబడలేదు. నా సైట్‌లో నాకే! అకౌంట్, దాని కింద సెట్టింగ్స్, దాని కింద బిల్లింగ్, చివర్న "సహాయానికి రాయండి" అని లింకు. ఆ ఈమెయిల్ పెట్టెని వారానికోసారి చూసేవాళ్లం. మరి జనం బ్యాంకుకి కాక ఎక్కడికి పోతారు?

బటన్ పైకి తెచ్చా. డబ్బు కోయడానికి వారం ముందు ఈమెయిల్ పంపుతున్నా. ఉచిత ట్రయల్‌కైతే అయిపోయే ముందు కనీసం 7 రోజుల నోటీసు ఇవ్వాలని, ఆన్‌లైన్‌లోనే సులువుగా రద్దు చేసుకునే వీలు ఉండాలని వీసా 2020లో రూలే పెట్టింది. రద్దులు పెరిగాయి, నిజమే. డిస్ప్యూట్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతకి వచ్చాయి.

రాత్రిడ్యూటీ
రద్దయినవాడు మళ్లీ రావచ్చు. డిస్ప్యూట్ వేసినవాడు మళ్లీ డిస్ప్యూట్ వేయడానికే వస్తాడు.

కొత్తగా_వచ్చా
చిన్న డౌట్. డిస్ప్యూట్ వచ్చిన వెంటనే కస్టమర్‌కి రీఫండ్ ఇచ్చేస్తే కేసు అదే పోతుంది కదా?

ఇటుకబట్టీ
వద్దు వద్దు వద్దు.

చందాలక్క
ముట్టుకోకు. నేను చేశా ఆ పని. డిస్ప్యూట్ పడిన క్షణంలోనే డబ్బు మన ఖాతా నుంచి లాగేస్తారు. దానిపైన మనం రీఫండ్ ఇస్తే రెండోసారి ఇచ్చినట్టు. ఆ అబ్బాయికి రెండూ అందాయి. ఒకటి వెనక్కి పంపమని నాలుగు మెయిల్స్ పెట్టా. ఐదోదానికి నన్ను బ్లాక్ చేశాడు.

పాత_లెడ్జరు
డిస్ప్యూట్ పడ్డాక తప్పు మీదే అనిపిస్తే డాష్‌బోర్డ్‌లో "ఒప్పుకుంటున్నా" అని నొక్కి వదిలేయండి. డిస్ప్యూట్‌కి ముందే రీఫండ్ ఇచ్చి ఉంటే అది గట్టి ఆధారం. రీఫండ్ తేదీతో పాటు ఏఆర్ఎన్ (ఆ రీఫండ్‌ని గుర్తుపట్టే) నంబర్ ఇవ్వండి. 23 అంకెలు ఉంటుంది, గేట్‌వేని అడిగితే ఇస్తారు. దానితో బ్యాంకువాళ్లు తమ పుస్తకాల్లో వెతుక్కోగలరు. "మేం ఇచ్చేశాం" అని వ్యాసం రాసినదానికంటే ఆ ఒక్క నంబర్ నయం.

కస్టమర్ "సారీ, పొరపాటున వేశా, వెనక్కి తీసుకుంటా" అన్నా సరే, గడువులోగా మీ జవాబు మీరు పంపండి. ఆయన మాట నమ్మి ఊరుకుంటే గడువు దాటాక ఇద్దరూ చేతులు పిసుక్కుంటారు. ఆయన రాసిన మెయిల్‌ని కూడా జతచేయండి.

కొత్తగా_వచ్చా
గడువు ఎంత ఉంటుంది?

పాత_లెడ్జరు
నెట్‌వర్క్ రూల్స్‌లో ఉండేది ఒకటి, మధ్యలో అక్వైరర్ (అమ్మేవాళ్ల వైపు బ్యాంకు), గేట్‌వే తమకి కావాల్సిన రోజులు కోసుకోగా మన చేతికి మిగిలేది ఇంకొకటి. డాష్‌బోర్డ్‌లో కనిపించే తేదీనే నమ్మండి. దానికి రెండు రోజుల ముందు పంపండి.

రాత్రిడ్యూటీ
దీనికి సంబంధం ఉందో లేదో, నా కథ కూడా చెప్పాలి. ఒక రాత్రి 2 గంటలకి ఫోన్ టింగ్ టింగ్ అని మోగుతూనే ఉంది. ఆర్డర్లు! కలలో ఉన్నానేమో అనుకున్నా. లేచి చూస్తే అన్నీ నా దగ్గరున్న అతి చౌక ఐకాన్ ప్యాక్‌కే. 600 ప్రయత్నాలు, అందులో 31 పాస్. కార్డు నంబర్ల మొదటి ఆరంకెలూ ఒకటే. పేర్లు చూస్తే కీబోర్డ్ మీద పిల్లి నడిచినట్టున్నాయి.

ఇటుకబట్టీ
కార్డ్ టెస్టింగ్. దొంగ కార్డుల్లో బతికున్నవి ఏవో చూసుకోవడానికి నీ చెకౌట్‌ని వాడుకున్నారు. ఏం చేశావ్?

రాత్రిడ్యూటీ
మొదట గంట సేపు సంబరపడ్డా, అది వదిలేయ్. తర్వాత చెకౌట్ ఆపేసి, ఆ 31కీ అప్పటికప్పుడే రీఫండ్ ఇచ్చేశా, డిస్ప్యూట్ ఇంకా పడలేదు కాబట్టి. తెల్లారాక ఒకే ఐపీ నుంచి, ఒకే డివైస్ నుంచి పది నిమిషాల్లో మూడు ప్రయత్నాలకి మించనివ్వకుండా హద్దు పెట్టా, క్యాప్చా పెట్టా. అయినా రెండు చార్జ్‌బ్యాక్‌లు వచ్చాయి. రీఫండ్ రుజువు చూపిస్తే అవి పోయాయి.

పాత_లెడ్జరు
మంచి పని చేశారు. వదిలేసి ఉంటే 31 ఫ్రాడ్ రిపోర్టులు. నెట్‌వర్క్‌లు మన నిష్పత్తిని చూస్తుంటాయి. మాస్టర్‌కార్డ్ ఈ నెల చార్జ్‌బ్యాక్‌లని పోయిన నెల లావాదేవీలతో భాగిస్తుంది. 100 చార్జ్‌బ్యాక్‌లు, 1.5 శాతం, రెండూ దాటితే "ఎక్సెసివ్" జాబితాలోకి. వీసా 2025 నుంచి వ్యాంప్ అనే పద్ధతిలో ఫ్రాడ్ రిపోర్టులనీ డిస్ప్యూట్లనీ కలిపి లెక్కేస్తోంది. ఒక మాట గుర్తుంచుకోండి, మీరు గెలిచినా ఆ డిస్ప్యూట్ మామూలుగా లెక్కలోంచి పోదు. అందుకే గెలవడం కంటే రాకుండా చూసుకోవడం లాభం అంటాను.

కార్ట్‌డ్రాప్
గెలిచినా లెక్కలో ఉంటుందా? ఇదెక్కడి చోద్యం?

ఇటుకబట్టీ
ఉంటుంది. డిస్ప్యూట్‌గా మారకముందే మనకి కబురు వచ్చే అలర్ట్ సర్వీసులు అందుకే పుట్టాయి. వెరిఫై, ఎథోకా అని రెండు పేర్లు వింటారు, మొదటిది వీసా చేతిలో, రెండోది మాస్టర్‌కార్డ్ చేతిలో ఉన్నాయి, రెండింటినీ 2019లోనే కొనేశాయి. అలర్ట్ రాగానే రీఫండ్ ఇస్తే చార్జ్‌బ్యాక్ పడదు. ప్రతి అలర్ట్‌కీ డబ్బు కట్టాలి. చిన్న షాపుకి గిట్టుబాటు కాదని నా అభిప్రాయం.

లెన్సుకొట్టు
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నిన్న వచ్చిన రెండో కేసు మీద ఇప్పుడు కూర్చున్నా. ఇది వేరే మనిషి. ఈయన నాకు పాత కస్టమరే, నాకు బాగా గుర్తు, ఫోకస్ రింగ్ గురించి రెండు రోజులు మెయిల్స్‌లో వాదించాడు. అలాంటాయన "నేను చేయలేదు" అంటే ఒళ్లు మండుతోంది.

పాత_లెడ్జరు
పాత కస్టమర్ అయితే మీకు మంచి దారి ఉంది. 2023 ఏప్రిల్‌లో వీసా "కంపెల్లింగ్ ఎవిడెన్స్ 3.0" అని తెచ్చింది. 10.4కి మాత్రమే. అదే కార్డుతో మీ దగ్గర ఆయన ఇంతకుముందు చేసిన రెండు లావాదేవీలు చూపించాలి. అవి డిస్ప్యూట్ తేదీకి 120 రోజుల కంటే పాతవై, 365 రోజులకి లోపువై ఉండాలి, వాటి మీద ఫ్రాడ్ అని ఎవరూ చెప్పి ఉండకూడదు. ఆ రెండింటికీ, ఇప్పటిదానికీ కనీసం రెండు వివరాలు కలవాలి: ఐపీ అడ్రస్, డివైస్ ఐడీ (ఏ ఫోనో, ఏ కంప్యూటరో చెప్పే గుర్తు), లాగిన్ ఐడీ, డెలివరీ అడ్రస్. ఆ రెండింటిలో ఒకటి ఐపీగానీ డివైస్‌గానీ అయి తీరాలి. ఇవి కుదిరితే భారం బ్యాంకు మీదికి వెళ్తుంది.

ఈమెయిల్స్‌లో వాదన, మీ ఒళ్లు మండటం, రెండూ లెక్కలోకి రావు.

లెన్సుకొట్టు
డిస్ప్యూట్ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టా. పాత ఆర్డర్లు మూడున్నాయి: 74 రోజులు, 188 రోజులు, 402 రోజులు.

ఇటుకబట్టీ
74 మరీ కొత్తది, 402 మరీ పాతది. పనికొచ్చేది 188 ఒక్కటే. ఇంకోటి కావాలి.

రాత్రిడ్యూటీ
పదో తరగతి మార్కుల్లా ఉంది, ఒక్కటి తగ్గి ఫెయిల్.

చందాలక్క
ఆయన లాగిన్ అవకుండా ఏమైనా కొన్నాడేమో చూడు తమ్ముడూ. మా దగ్గర సగం మంది గెస్ట్‌గానే కడతారు, వాళ్ల అకౌంట్ హిస్టరీలో అది కనబడదు.

లెన్సుకొట్టు
అక్కా, మీ నోట్లో పంచదార పోయాలి. దొరికింది! 260 రోజుల కింద ఒక లెన్సు శుభ్రం చేయించుకోవడానికి పంపాడు, దానికి గెస్ట్‌గా కార్డుతో కట్టాడు. ఈమెయిల్ వేరేది, అందుకే ముందు వెతికినప్పుడు రాలేదు. కార్డు చివరి నాలుగంకెలతో వెతికితే వచ్చింది.

పాత_లెడ్జరు
శభాష్. ఇప్పుడు కలవాల్సినవి చూడండి. గెస్ట్ కాబట్టి లాగిన్ ఐడీ పోయింది. ఐపీ?

లెన్సుకొట్టు
188 నాటిదీ ఇప్పటిదీ ఒకటే ఐపీ. 260 నాటిది వేరు. ఫోన్ డేటా మీద కట్టాడేమో.

ఇటుకబట్టీ
మూడింటిలోనూ కలవాలి, రెండింటిలో కలిస్తే చాలదు. డివైస్ ఐడీ చూడు, గేట్‌వే రిస్క్ ట్యాబ్‌లో ఉంటుంది.

లెన్సుకొట్టు
మూడింటికీ ఒకటే డివైస్ ఐడీ. డెలివరీ అడ్రస్ మూడింటికీ ఒకటే, శుభ్రం చేసిన లెన్సు తిరిగి పంపింది కూడా అక్కడికే. డివైస్, అడ్రస్. రెండు. సరిపోయినట్టేనా?

పాత_లెడ్జరు
సరిపోయింది. మూడు లావాదేవీలకీ ఒక పట్టిక గీయండి: తేదీ, ఏం కొన్నాడు, డివైస్ ఐడీ, డెలివరీ అడ్రస్. గేట్‌వే ఫారంలో దీనికి విడిగా గడులు ఉంటే వాటిలోనే నింపండి, పీడీఎఫ్‌లో అతికించి ఊరుకోవద్దు. జతచేసేది రెండు మూడు పేజీలు దాటనివ్వకండి. రంగు హైలైటర్ పూయొద్దు, అవతల నలుపు తెలుపులో తెరిస్తే మీ పసుపు గీత నల్లటి పట్టీ అయి కింద అక్షరాలే కనబడవు. నేను అలాంటివి చాలా చూశా.

కొత్తగా_వచ్చా
మా గేట్‌వేలో డివైస్ ఐడీ అనేదే కనబడటం లేదు. ఇప్పటికి ఒక్క డిస్ప్యూట్ కూడా రాలేదు, మరి అవసరమా?

చందాలక్క
చేతులు కాలాక ఆకులు పట్టుకునే బదులు ఇప్పుడే ఆన్ చేయించుకో. ఏడాది కిందటి డేటా ఆ రోజు పుట్టించలేం.

ఇటుకబట్టీ
దాచేటప్పుడు ఒక్కటి మాత్రం దాచకు: సీవీవీ. అప్రూవల్ అయ్యాక దాన్ని ఎక్కడా ఉంచకూడదు, పీసీఐ (కార్డు డేటా భద్రత) రూల్. "రుజువుగా పనికొస్తుంది" అని స్ప్రెడ్‌షీట్‌లో పెట్టుకున్నాయన ఒకడు నాకు తెలుసు.

లెన్సుకొట్టు
పంపేశా. రెండు పేజీలు. ఫోకస్ రింగ్ గొడవ గురించి ఒక్క ముక్క రాయలేదు, చేతులు దురద పెట్టినా.

ఇంకోటి. పాత_లెడ్జరు గారు అడిగిన డిస్క్రిప్టర్ చూశా. మా తమ్ముడితో నాకే ఒక ఆర్డర్ పెట్టించి వాడి స్టేట్‌మెంట్ తెరిపించా. షాపు పేరు లేదు. కంపెనీ మొదలుపెట్టినప్పుడు మా మామయ్య పేరు మీద రిజిస్టర్ చేశాం, ఆ పేరు, ఆయన ఇంటిపేరు సగంలో తెగిపోయి పడుతోంది.

రాత్రిడ్యూటీ
అంటే ఆ ఫోకస్ రింగాయన మీ మామయ్యని చూసి భయపడి డిస్ప్యూట్ వేశాడు.

పాత_లెడ్జరు
ఆయనకి ఒక మెయిల్ పెట్టి చూడండి, గొడవ పడకుండా. "స్టేట్‌మెంట్‌లో ఫలానా పేరుతో కనిపించింది మా షాపే, ఫలానా తేదీన మీరు తీసుకున్న ఫలానా లెన్సు" అని మాత్రమే రాయండి.

లెన్సుకొట్టు
రాశా. పావుగంటలో జవాబు వచ్చింది. "ఓహ్ అది మీరా" అని.

చందాలక్క
ఆ మెయిల్ కూడా జతచేయి తమ్ముడూ, గడువు ఉందిగా.

లెన్సుకొట్టు
ఫారం ఒక్కసారే పంపనిస్తుందట అక్కా, మళ్లీ తెరుచుకోవడం లేదు. బ్యాంకుకి ఫోన్ చేసి వెనక్కి తీసుకుంటానని ఆయనే అన్నాడు, లైన్‌లో ఉన్నాడట.

అర్థంకాని_బిల్లు
40 నిమిషాలు పడుతుందని చెప్పండి.